ఫీర్టెల్ డ్రై గారికి ఒక విన్నపం

ఫీర్టెల్ డ్రై గారూ, నమస్కారం.

నిన్న మీ పుణ్యమా అని జర్మనీలోని లైప్‌జిగ్‌లో నాకు రావాల్సిన గది ఇంకెవరికో పోయింది.

గది చూడ్డానికి ఎన్నింటికి రావాలంటే ఓనరమ్మ ఫోన్‌లో మీ పేరే చెప్పింది. జర్మన్‌లో ఫీర్టెల్ అంటే 'పావు', డ్రై అంటే 'మూడు', అంతే. మధ్యలో 'నాఖ్' (దాటి) అనో 'ఫోర్' (తక్కువ) అనో ఒక ముక్క ఉండాలి కదా, సిగ్నల్ మింగేసిందనుకున్నా. మూడుంబావైనా అయ్యుండాలి, మూడుకి పావు తక్కువైనా అయ్యుండాలి, ఎందుకొచ్చిన టెన్షన్ అని రెండూ నలభైకే వెళ్ళి గేటు ముందు నిలబడ్డాను. చలిలో, చేతులు జేబుల్లో పెట్టుకుని, మూడున్నర దాకా. తీరా కనుక్కుంటే తమరు రెండుంబావట! అంటే నేను ముందుజాగ్రత్తగా పాతిక నిమిషాలు ఆలస్యంగా వెళ్ళానన్నమాట.

హాల్బ్ డ్రై (మాటకి మాట 'సగం మూడు') అంటే రెండున్నర అని హైదరాబాద్ క్లాసులోనే చెప్పారు, ఆ అన్యాయాన్ని బట్టీపట్టి సర్దుకుపోయాను. దానికి ఒక తమ్ముడున్నాడని ఎవరూ చెప్పలేదు. కొలోన్‌లో ఉండే మావాడు మీ పేరే వినలేదన్నాడు, అక్కడ బుద్ధిగా 'రెండు దాటి పావు' అని, ఫీర్టెల్ నాఖ్ త్స్వై అంటారట. నలభై ఐదుని 'ఐదూ నలభై' అని తిరగేసి చెప్పడం, మ్యూనిక్‌లో యాభైని, అంటే ఫ్యూన్ఫ్‌త్సిగ్‌ని, ఫుఖ్‌త్సిగ్ చేయడం, అవన్నీ క్షమించేశాను. ఫోన్‌లో త్స్వై, డ్రై ఒకేలా వినిపిస్తాయని రెండుని త్స్వో అనేంత జాగ్రత్త గల జాతి, నిన్నెలా వదిలేసిందయ్యా? రెండుంబావు చెప్పేటప్పుడు రెండు అనే మాట ఉండొద్దా? నీలో రెండు ఎక్కడ? రెండు ముప్పావుని 'ముప్పావు మూడు' అనే మీ అన్న డ్రైఫీర్టెల్ డ్రై ఇంకా ఘోరం. మా రెండు ముప్పావులో కనీసం రెండు ఉంటుంది!

"మూడో గంటలో పావు అయింది కదా" అంది ఓనరమ్మ, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు.

రాత్రి అమ్మ ఫోన్ చేసి, "ఇరవై ఆరో ఏడు నడుస్తోంది, ఇంకెప్పుడ్రా పెళ్ళి?" అంది. నిండింది పాతికే కదమ్మా అనబోయి ఆగిపోయాను. నిండింది వదిలేసి నడిచేది లెక్కపెట్టడం. ఇన్నేళ్ళూ మా ఇంట్లోనే ఉన్నావా నువ్వు?

శుక్రవారం ఇంకో గది చూడాలి. డ్రైఫీర్టెల్ ఫీర్‌కి రమ్మన్నారు. 15:45 అని అంకెల్లో మెసేజ్ పెట్టించుకున్నాను, ఏమనుకోకు.

ఇట్లు,
గేటు బయటి మనిషి