క్రియకి ఎర్ర గుండ్రం, మన క్రియకి బోలు గుండ్రం

భాషాభాగాలకి బొమ్మలున్నాయన్న సంగతి మనకింత ఆలస్యంగా తెలియడం విచారకరం. మాంటిస్సోరి బడుల్లో చిన్నపిల్లలకి వ్యాకరణం బొమ్మలతోనే నేర్పుతారు. నామవాచకానికి నల్లటి పెద్ద త్రిభుజం, విశేషణానికి అంతకంటే చిన్నది ముదురు నీలం త్రిభుజం, సర్వనామానికి ఊదారంగులో సన్నగా పొడుగ్గా ఇంకో త్రిభుజం, క్రియకి ఎర్రటి గుండ్రం. నామవాచకం కొండలా కదలదు, క్రియ బంతిలా దొర్లుతుంది, అదీ లెక్క. ఈ పద్ధతి కనిపెట్టిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారు దాకా వచ్చారు. ఇంకొక్క రైలెక్కి మా చికాకోల్ రోడ్డు స్టేషన్లో, అంటే ఇప్పటి శ్రీకాకుళం రోడ్డులో దిగి ఉంటే, ఆ ఎర్ర గుండ్రం గురించి మళ్లీ ఆలోచించుకునేవారని నా గట్టి నమ్మకం.

పేరుకి శ్రీకాకుళం రోడ్డే గానీ స్టేషన్ ఉండేది ఆమదాలవలసలో. దిగి ఊళ్లోకి వెళ్లాలంటే ఆటో ఎక్కాలి (ఆవిడ కాలానికి జట్కా అయ్యుంటుంది, మాట మాత్రం ఇదే). "బేగి ఎక్కండి బాబూ, బండెల్లిపోతంది" అంటాడు డ్రైవరు. 'ఎల్లిపోతంది' నిఖార్సైన క్రియ, ఎర్ర గుండ్రం పడాల్సిందే, ఇంజిను కూడా డుగడుగమంటూ సాక్ష్యం చెప్తూనే ఉంటుంది. వెనక నలుగురం ఇరుక్కున్నాం, డ్రైవరుకి చెరోపక్కా ఒకరు సగం గాల్లో కూర్చున్నారు, నా ఒళ్లో ఎవరిదో కొబ్బరికాయల సంచీ, బండి మాత్రం స్టేషన్ ముందే. "ఒక్కలొస్తే ఎల్లిపోదుం." ఆ ఒక్కలూ వస్తారు. "ఇంకొక్కలు." ఈ దేశానికి కావలసింది రెండు రకాల గుండ్రాలని నాకు అక్కడే తట్టింది. జరిగే పనికి నిండు ఎర్ర గుండ్రం, మాటగా మాత్రమే జరిగే పనికి అంచొక్కటే ఎర్రగా ఉండే బోలు గుండ్రం.

కాబట్టి నా ప్రతిపాదన ఏంటంటే, ఇకమీదట ప్రతి మనిషీ జేబులో ఈ బొమ్మల అట్టముక్కలు పెట్టుకుని, మాట్లాడేటప్పుడు మాటమాటకీ తగిన ముక్క ఎత్తి చూపించాలి. చూద్దాం, చేసేద్దాం, కబురు చేస్తాం, ఇదిగో అయిపోవచ్చింది, గుండీలు కుట్టడమే మిగిలింది, ఇవన్నీ బోలువి. విజయనగరం గంటస్తంభం దగ్గర ఎండలో నించుని ఫోన్ చేస్తే మనవాడు "వచ్చేశాన్రా, రెండు నిమిషాలు" అంటాడు. వెనకాల కుక్కర్ మూడో విజిల్ వేస్తుంది. కుక్కర్‌ది నిండు గుండ్రం.

మిగతా గుర్తుల్లో పెద్ద చిక్కు లేదు. ఇంగ్లీషు వాళ్ల ఆర్టికల్స్ కోసం లేత నీలం బుల్లి త్రిభుజం ఒకటుంది, తెలుగులో దానికి ఉద్యోగం లేదు. ఖాళీగా ఉంచడం ఎందుకు, 'గారు'కి ఇచ్చేద్దాం, ఎదుటి పెద్దాయన వీధి మలుపు తిరగ్గానే దానంతటదే రాలిపడే ఏర్పాటుతో. ఆశ్చర్యార్థకానికి బంగారు రంగు తాళంకప్ప కన్నం ఆకారం ఉంది, మా వైపు 'ఓలమ్మో' ఒక్కదానికే గంపెడు కావాలి.

అసలు గొడవంతా క్రియ దగ్గరే. మన వాక్యంలో అసలు క్రియ చిట్టచివర వస్తుంది. అప్పు తీసుకున్నాయన ముక్కలన్నీ వరసగా పేర్చుకుంటూ పోతాడు: "మొన్న జీతం పడగానే, నీ అయిదువేలూ విడిగా కవర్లో పెట్టుకుని, ఆదివారం పొద్దున్నే మీ ఇంటికొచ్చి, గేటు కూడా తీసి..." అని ఆగి ఊపిరి తీసుకుంటాడు. మనం చెయ్యి చాపేలోపు "తాళం చూసి వెళ్లిపోయాను" అంటాడు. అదే "మాది విజయనగరం, మా బావ మాస్టారు, ఇల్లు మూడులాంతర్ల దగ్గర" అన్నప్పుడు ఒక్క క్రియా ఉండదు. ఎర్ర గుండ్రం కనపడలేదని ఇంగ్లీషు టీచరు ఇవి అసలు వాక్యాలే కావంటుంది. నన్నడిగితే మన సంభాషణలో నమ్మదగ్గవి ఇవే.

1949లో చార్లెస్ బ్లిస్ అనే ఆయన కూడా ఒక గుర్తుల భాష చేశాడు, అందులో పనిని సూచించడానికి బొమ్మ నెత్తిన చిన్న గొడుగులాంటి గీత పెట్టాడు. తర్వాత కెనడాలో మాట రాని పిల్లలకి అది నిజంగానే ఉపయోగపడింది. మాట రాని పిల్లలకి అక్కరకొచ్చింది మాట ఆగని పెద్దలకి ఎందుకు పనికిరాదు? పైగా ఇది మా జిల్లా నుంచే మొదలవడం న్యాయం. 1863లో గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మా పర్వతాలపేటలోనే. జనం మాట్లాడినట్టే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు, రాస్తున్నాం. మాట్లాడినట్టే చెయ్యాలన్నది పాపం ఆయన ఉద్యమంలో లేదు. ఆ మిగిలిన పని ఈ అట్టముక్కలతో ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజు నాడు మొదలుపెడితే సరి.

ఒక్క సాంకేతిక సమస్య ఉంది. మాట అన్న క్షణంలో గుండ్రం నిండుదో బోలుదో తేల్చేదెవరు? దీనికి ముందు అందరికీ బోలువే పంచి, పని జరిగాక వార్డు సచివాలయంలో చూపించి ఎర్ర రంగు నింపించుకోవాలి. రంగు ఖర్చు గురించి ప్రభుత్వం బెంగపడక్కర్లేదు, ఎన్నికల ఏడాదిలో కూడా జిల్లా మొత్తానికీ ఒక చిన్న డబ్బా సరిపోతుంది.