రిజిస్టరు పోస్టు వెనక్కి పంపితే అప్పు తీరదప్పా

పొద్దున్నుంచి నాలుగు గ్రూపుల్లో అదే మెసేజ్. "కొత్త చట్టం వచ్చింది, ఇక అప్పులు కట్టక్కర్లేదు, పది మందికి పంపండి" అని. కింద ఆరు పాయింట్లు, చివర ఒక ఫోన్ నంబరు. కర్నూలులో వకీలు దగ్గర ఇరవై రెండేళ్లుగా గుమాస్తాను కదా, "అన్నా, ఇది నిజమేనా?" అని ప్రతివాడూ నాకే పంపుతాడు. ఒక్కసారే రాసేస్తున్నా. మళ్లీ అడగొద్దు.

"ఐపీసీ పోయింది కాబట్టి చెక్ బౌన్స్ నేరం కాదు." 2024 జూలై 1న ఐపీసీ పోయి న్యాయ సంహిత వచ్చింది, నిజమే. చెక్కు కేసు ఐపీసీలో ఎప్పుడుంది? అది 1881 నాటి వేరే చట్టంలో 138వ సెక్షన్. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా అలాగే ఉన్నాయి.

"ష్యూరిటీ సంతకం పెట్టినవాళ్లకు సంబంధం లేదు." అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే ష్యూరిటీ కట్టాలన్నది 1872 నాటి చట్టం నుంచీ ఉంది. తర్వాతది చూద్దాం.

"మూడేళ్లు దాటితే అప్పు రద్దు." ఆ మూడేళ్లు వసూలుకు దావా వేసే గడువు మాత్రమే. అందులో కొంత కట్టి కాగితం మీద సంతకం పెట్టారా, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇల్లు తనఖా పెట్టి ఉంటే పన్నెండేళ్లు. బంగారం కుదువ పెట్టినవాళ్లు ఆ మూడేళ్లను నమ్ముకుని కూర్చుంటే వేలం నోటీసే వస్తుంది.

"కార్డు మీద ముప్పై శాతం దాటిన వడ్డీ చెల్లదు." 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అలా చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పాత పేపరు చదివి కొత్త చట్టమంటున్నాడు.

ఇక ఐదోది. "వకీలు నోటీసు రిజిస్టరు పోస్టులో వస్తే తీసుకోవద్దు, అందకపోతే కేసు నిలవదు." ఇది రాసినవాడు ఒక్కసారి మా ఆఫీసుకొస్తే టీ తాగించి మరీ బీరువా చూపిస్తా. 'తీసుకోవడానికి నిరాకరించారు' అని పోస్ట్‌మన్ రాసిన కవర్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. అడ్రసు సరిగ్గా ఉంటే చాలు, ఆ కవరు మీకు అందినట్టే కోర్టు లెక్కేస్తుంది. ఫిర్యాదుకు ఆ కవర్నే జతచేస్తాను. మీరు తలుపు వేసుకుంటే నాకే పని తేలిక!

చెక్కు కేసులో ఆ నోటీసే మీకు దొరికే మంచి అవకాశం. అందిన పదిహేను రోజుల్లో డబ్బు కట్టేస్తే కేసే ఉండదు. మీ బాకీ అంత లేదనుకుంటే జవాబైనా రాయొచ్చు. ఆదోనిలో మా చిన్నాన్న కొడుకు పత్తి మందులు అప్పు తెచ్చి ఖాళీ చెక్కు ఇచ్చాడు. మధ్యలో డెబ్బై వేలు కట్టాడు, రసీదులున్నాయి. అంగడాయన మాత్రం మొత్తం అంకె వేసి బ్యాంకులో వేశాడు. నోటీసు తీసుకుని రసీదులు జతచేసి జవాబిచ్చుంటే అక్కడే ఆగే వీలుండేది. మనవాడు ఇలాంటి మెసేజే చదివి కవరు వెనక్కి పంపాడు. సమన్లు అందిన పదిహేను రోజుల్లో కట్టినా బయటపడొచ్చని 2007లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కానీ నోటీసుకు దాక్కున్నవాడు సమన్లకు ఎదురొస్తాడా? వారంటు వచ్చాక ఫోన్ చేశాడు. ఇప్పుడు పంట పనులు వదిలి వాయిదాలకు తిరుగుతున్నాడు.

ఆరోది మాత్రం ఒప్పుకోవాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు, చుట్టాల ముందు పరువు తీయకూడదు. 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది ఇదే. అప్పు చేసినోడు మాట పడాల్సిందే అని నేనూ ఎన్నోసార్లు అన్నాను. తప్పే. ముందు బ్యాంకుకు రాయండి, ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు. ఖర్చు లేదు.

ఆ ఫోన్ నంబరు సంగతీ చూశాను. అప్పులో పది శాతం వాళ్లకిస్తే "సెటిల్" చేస్తారంట. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తే లోక్ అదాలత్‌లో పైసా ఫీజు లేకుండా రాజీ కుదుర్చుకోవచ్చు. అయినా ఫోన్ చేశాను. ముందు ఐదు వేలు వెయ్యమన్నాడు. రసీదు ఎట్లిస్తావయ్యా అంటే, రిజిస్టరు పోస్టులో పంపిస్తాడంట.