మా అమ్మాయి రాసిందే నిజం

మా అమ్మాయి సైన్సు నోటుపుస్తకం ఇంకా నా ఎదురుగానే ఉంది. "మనిషి ముందు రెండు కాళ్ల మీద నడిచాడు, మెదడు ఆ తరువాత పెరిగింది" అని రాసింది. టీచరు ఎర్ర సిరాతో ఇంటూ కొట్టి, పక్కన "మెదడు పెరగడం వల్లే నిలబడ్డాడు" అని దిద్దారు. పిల్ల ముఖం చూసినప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది.

ఇథియోపియాలో 1974లో బయటపడిన లూసీ అనే ఆదిమ ఆడమనిషి ఎముకలు 32 లక్షల ఏళ్ల నాటివి. మూడున్నర అడుగుల మనిషి. కటి, మోకాలు చూస్తే నిటారుగా నడిచిందని తెలిసిపోతుంది, తల మాత్రం ఇంచుమించు చింపాంజీ తలంతే! టాంజానియాలోని లేటోలిలో అగ్నిపర్వతపు బూడిదలో పడిన అడుగుజాడలు ఇంకా పాతవి, 36 లక్షల ఏళ్లు దాటినవి. ఇంతకన్నా ఏం చూపించాలి?

మరి మెదడు వల్ల కాకపోతే ఎందుకు నిలబడ్డారంటారా? చింపాంజీలను ట్రెడ్‌మిల్ మీద నడిపించి కొలిచారు. అవి నడవడానికి ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతుతో మనం నడిచేస్తాం. చెట్లు పలచబడిన నేలలో తిండి కోసం మైళ్లు తిరిగే ప్రాణికి అది బతుకో చావో తేల్చే తేడా. నిలబడితే నడినెత్తి ఎండ ఒంటి మీద పడేదీ తక్కువే.

ఇక చేతులు ఖాళీ అయ్యాయనగానే ఈటె పట్టిన మగవాడి బొమ్మ వేస్తారు. చిన్నప్పటి నుంచీ అదే బొమ్మ చూస్తున్నాను. ఇప్పటివరకు దొరికిన రాతి పనిముట్లలో అతి పాతవి 33 లక్షల ఏళ్లవి, నడక అంతకు ముందే వచ్చింది. మరి అన్నేళ్లూ ఆ చేతులు ఏం మోశాయి? తిండిని మోసి ఉంటాయి, బిడ్డను మోసి ఉంటాయి. ఆ తల్లి బొమ్మ ఒక్కరూ వేయరేం?

ఆడవాళ్ల నడుము దగ్గర వంపు మూడు వెన్నుపూసల మీదుగా సాగుతుంది, మగవాళ్లకు రెండే. కడుపుతో ఉన్నప్పుడు ముందుకు తూలకుండా నిలబెట్టేది ఆ వంపే. లూసీ కోవకు చెందిన ఆస్ట్రలోపిథెకస్ ఆడవాళ్ల ఎముకల్లోనూ అది కనిపించింది. నడకకు తగ్గట్టు కటి మారింది, తరువాత బిడ్డ తల పెద్దదైంది. అందుకే మన బిడ్డలు ఆ ఇరుకులో మెలి తిరుగుతూ బయటికి రావాలి. ఇదే అమ్మాయిని కనేటప్పుడు పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాను. "అందరూ కనడం లేదా, ఎందుకంత అరుపు" అని ఆసుపత్రిలో కసిరారు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను.

కొట్టేసిన వాక్యాన్ని దిద్దినట్టుగా పదిసార్లు రాసి రేపు చూపించాలట. రాయవద్దని చెప్పాను.