వెండి నగలు చేసేవాడు చట్టసభలో కూర్చుంటే

"మగ్గం నేసుకునేవాడికి అసెంబ్లీ ఎందుకు?" మొన్న ఒక చేనేత అభ్యర్థి గురించి మా బంధువుల్లోనే ఒకరు అన్న మాట ఇది. మూడు రోజులైనా కోపం తగ్గలేదు.

అమెరికాలో బెన్ నైట్‌హార్స్ క్యాంప్‌బెల్ అని ఒకాయన. అక్కడి ఆదివాసీల్లో నార్తర్న్ షయాన్ తెగ. తల్లికి క్షయ, తండ్రికి తాగుడు. చిన్నప్పుడు కొన్నాళ్లు అనాథాశ్రమంలో ఉన్నాడు. నగల పని తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో ఆడాడు. జపాన్‌లో కత్తులు చేసేవాళ్లు లోహాన్ని పొరలు పొరలుగా అతికే పద్ధతి చూసి తన నగల్లో వాడుకున్నాడు. అదే మనిషి 1982లో కొలరాడో శాసనసభకు గెలిచాడు, 1987 నుంచి అమెరికా కాంగ్రెస్‌లో కూర్చున్నాడు.

ఆదివాసీలు చేయని వస్తువును వాళ్లు చేసిందని అమ్మకూడదనే ఆదివాసీ కళల చట్టం అక్కడ 1990లో తేవడానికి ముందు నిలబడినవాళ్లలో ఆయన ఒకరు. అంతకుముందు 1935 నాటి చట్టం ఉండేది. అమ్మినవాడు తెలిసే మోసం చేశాడని నిరూపించాలి, అదీ చేస్తే పడేది 500 డాలర్ల దాకా జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు. ఎవరు భయపడతారు? కొత్త చట్టంలో మొదటి తప్పుకే అయిదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. ఆ పాత చట్టం వచ్చేనాటికి అరిజోనా రాష్ట్రంలో రిజర్వేషన్‌లో, అంటే ఆదివాసీలకు కేటాయించిన నేల మీద, బతికే నవహో తెగవాళ్లకు ఓటే లేదు, 1948లో గానీ రాలేదు. ఆ రాష్ట్ర శాసనసభలో మొదటి నవహో లాయిడ్ హౌస్, 1966లో గెలిచాడు.

నవహో కంబళి ఎలా తయారవుతుందో తెలుసా? గొర్రె బొచ్చు కత్తిరించాలి, ఏకాలి, కదురు మీద వడకాలి, చెట్ల రంగులు అద్దాలి, నిలువు మగ్గం ముందు నెలల తరబడి కూర్చోవాలి. నేత నేర్పింది సాలీడు అమ్మ అని వాళ్ల నమ్మకం. సాలెపురుగులో నేతగాడిని చూసిన భాష మనది కూడా. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

ఆ డిజైన్లను చూసి నకిలీలు నేసి తక్కువ ధరకు అమ్ముతున్నారు. అవి వచ్చే దేశాల్లో మనదీ ఉంది. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది. పోచంపల్లి పేరుతో ప్రింటు చీర అమ్మితే మనం ఏడుస్తాం కదా!

చట్టం వచ్చింది కాబట్టి అంతా బాగైపోయిందని నేను అనను. పట్టుకునేవాళ్లు తక్కువ. 2015లో న్యూ మెక్సికోలో దుకాణాల మీద దాడులు చేస్తే, ఫిలిప్పీన్స్‌లో చేయించిన నగలు ఆదివాసీల నగలుగా అమ్ముడవుతున్నాయని బయటపడింది. 2018లో ఒక వ్యాపారికి పడిన శిక్ష ఆరు నెలలు. పైగా 'నవహో స్టైల్' అని రాసుకుంటే తప్పించుకోవచ్చు. నాకు అన్నిటికన్నా మంట పుట్టించేది అదే.

అయినా చట్టం ఉంది కాబట్టే ఆ కేసు నిలబడింది. నకిలీ నగ పక్కన పెడితే అసలు నగకు ఏమవుతుందో క్యాంప్‌బెల్‌కు ఎవరూ ఫైలు పెట్టి చెప్పక్కర్లేకపోయింది, అది ఆయన తిన్న దెబ్బే.

ఆ చేనేత అభ్యర్థిని చూసి నవ్వినవాళ్లను ఒకటే అడుగుతున్నా. ఇక్కత్ చీర, ప్రింటు చీర మీ చేతికిస్తే, తిరగేసి చూసి ఏది ఏదో చెప్పగలరా? ఆయన చెప్పగలడు.