సవరణ: అగ్రికల్చరల్ ఎకనామిక్స్‌లో లెక్కలు తక్కువేమీ కాదు

అగ్రికల్చరల్ అండ్ అప్లైడ్ ఎకనామిక్స్ (వ్యవసాయం, ఆహారం లాంటి రంగాలకు ఆర్థికశాస్త్రాన్ని అన్వయించే సబ్జెక్టు) గురించి పోయిన పోస్టులో "లెక్కలంటే టెన్షన్ ఉన్నవాళ్లకు సులువైన దారి, ఉద్యోగాలు మాత్రం వ్యవసాయ శాఖల్లోనే" అని రాశాను. రెండూ తప్పే. ఈ సబ్జెక్టు బోధించే ఒకరు చెప్పాక కొన్ని యూనివర్సిటీల సిలబస్‌లు చూశాను. మైక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక సమాచారాన్ని గణాంక పద్ధతులతో విశ్లేషించడం) దీనికి పునాది. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా డిగ్రీలోనే గట్టిగా నేర్చుకోవాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే చాలా కష్టం.

ఉద్యోగాలంటారా, బ్యాంకుల్లో రుణాల విశ్లేషణ, పంటల బీమా, సరుకుల ట్రేడింగ్, ఆహార కంపెనీలు, నీటి విధానాలు, ప్రపంచ బ్యాంకు, ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) లాంటి సంస్థలు కూడా ఉన్నాయి. 1979లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్న థియోడర్ షుల్ట్జ్ ఈ రంగంవారే. నా పోస్టు చూసి కోర్సు ఎంచుకోబోయేవాళ్లు, దరఖాస్తుకు ముందు ఆ డిపార్ట్‌మెంట్ సిలబస్ తప్పక చదవండి.