ఊదా దీపం గారికి, తేలు పెంచుకునేవాడు వ్రాయునది

మహారాజశ్రీ అతినీలలోహిత దీపం గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. తమరు కూడా గాజు పెట్టె మూత మీద పడుకుని క్షేమంగానే ఉన్నారు. ఎటొచ్చీ లోపలున్న తేలు క్షేమమే తెలియాల్సి ఉంది.

నిన్న రాత్రి సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. లేదంటే నేనొప్పుకోను, వెలిగింది తమరేగా. నలుగురు స్నేహితుల్ని పిలిచాను. గదిలో లైట్లన్నీ ఆర్పి, కర్టెన్లు దగ్గరికి లాగి, "ఇప్పుడు చూడండి" అంటూ తమరి స్విచ్ నొక్కాను. బెరడు ముక్క పక్కన మా ఎంపరర్ జాతి తేలు పిల్ల నీలమూ పచ్చా కలిసిన వెలుగుతో ధగధగలాడిపోతోంది. అందరూ ఆహా అన్నారు. వీడియోలు తీశారు. ఇక నన్ను పట్టేదెవరు? తేలు చర్మం పైపొరలో ఉండే పదార్థాలే ఇలా మెరుస్తాయనీ, ఈ మెరుపు గురించి 1954లోనే శాస్త్రవేత్తలు రాసిపెట్టారనీ, అందులో బీటా కార్బోలిన్ ఒకటని 1999లో తేల్చారనీ ఉపన్యాసం ఎత్తుకున్నాను.

అరగంట గడిచింది. అది కదల్లేదు. "ఎంత బుద్ధిమంతురాలురా!" అన్నాడొకడు. నా పెంపకం మరి. ఇంకొకడు గాజుకి ముక్కు ఆనించి చూసి, "దీని తల ముందు చీలి ఉందేంటి?" అన్నాడు.

పొడుగాటి పట్టకారుతో మెల్లిగా తాకాను. ఎండుటాకులా పక్కకి ఒరిగింది. కుబుసం! అసలు మనిషి, అదే అసలు తేలు, బెరడు కింద పాలిపోయి, మెత్తగా, మిణుగురుపాటి వెలుగైనా లేకుండా ముడుచుకుని ఉంది. విడిచిన పొర మెరుస్తుంది, కొత్త చర్మం గట్టిపడేదాకా తేలు మెరవదు. ఈ ముక్క నాకు తెలియక కాదు. ఆ ఉపన్యాసంలో నేనే చెప్పాను. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను, కుట్టడానికి తేలు బయటికైనా రాకుండానే.

పోనీ, పరువుదేముంది. నా బాధంతా తమరి డబ్బా మీది అక్షరాల గురించి: "తేళ్ల కోసం ప్రత్యేకం."

తేళ్ల కోసమా! అయ్యా, అది రాత్రి తిరిగే ప్రాణి. నడినెత్తిన రెండు కళ్లు, పక్కల చిన్న కళ్లు పెట్టుకుని చీకటిని వెతుక్కుంటుంది. కళ్లు చాలనట్టు దాని తోక కూడా వెలుతురును పసిగడుతుంది. పగలు గదిలో ఉండే మామూలు వెలుతురు, రాత్రి చీకటి, దానికి అంతకుమించి అక్కర్లేదు. అలాంటిదాని నెత్తిన తమర్ని మూడు వారాలు రాత్రంతా వెలిగించాను. రాత్రంతా ఉంచవచ్చని డబ్బా సెలవిచ్చింది మరి. మూడు వారాలూ అది గొయ్యి దాటి రాలేదు. పాపం మొహమాటమేమో అనుకున్నాను. అది కూడా సరే. ఎక్కువ కాలం ఆ కిరణాల కింద ఉంచితే తేలు మెరుపే తగ్గిపోతుందని ప్రయోగాలు చేసి మరీ చూపించారు. అంటే తమరు దేన్ని చూపించడానికి వేంచేశారో, దాన్నే చెరిపేస్తారన్నమాట!

తమరి బంధుగణం గురించి కూడా రెండు ముక్కలు. తమకంటే ముందొచ్చిన వేడి బల్బు గారు పెట్టెలో పరిచిన కొబ్బరి పొట్టును అప్పడంలా ఎండబెట్టి వెళ్లారు. తడి అడవి తేలుకు గాలి పొడిబారితే పొర విడవడమే గండం. ఇప్పుడు పెట్టె పక్క గోడకి వేడినిచ్చే పలక, అదే హీట్ మ్యాట్, వేడి మితిమీరకుండా చూసే థర్మోస్టాట్ ఒకటి దానికి. అడుగున పెట్టలేదు, వేడి తప్పించుకోవడానికి తేలు కిందికే తవ్వుతుంది కదా. బల్లులకి డి3 విటమిన్ పంచే ట్యూబు గారికి మా ఇంట్లో పనే లేదు. ఎర్ర బల్బు కాస్త మర్యాదస్తుడు, తేలు కంటికి ఎరుపు పెద్దగా ఆనదు. తమరి తమ్ముడు 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వాడు గదినంతా ఊదా చేసి, తేలుని అందులో ముంచేస్తాడు. 365 వాడి వెలుగులో మాత్రం తేలు ఒక్కటే తేలుతుంది.

ఎంత వంశమైతేనేం! అసలు నువ్వు ఎవరి దీపానివయ్యా? ఆ తేలు నిన్నెప్పుడైనా అడిగిందా? నిద్రపోయేవాడి మొహాన టార్చి కొట్టి, "నీ కోసమే" అంటే ఊరుకుంటాడా? నా సరదాకి నేను కొన్న లైటువి నువ్వు. ఆ మాటే డబ్బా మీద వేసి ఉంటే నీకూ నాకూ గొడవే లేదు. "మనుషుల కోసం ప్రత్యేకం." రెండే ముక్కలు, అచ్చుకి సిరా కూడా ఎక్కువ కాదు.

నిజం చెప్పొద్దూ, నిన్ను పారేయలేను. పోయిన నెల మూత సరిగా పెట్టని రాత్రి, అది బయటపడి చెప్పుల మధ్య దూరితే, అరికాలికి తగిలేలోపు చూపించింది నువ్వే. ఆ రాత్రి నీకు దండం పెట్టాను కూడా.

కాబట్టి ఒప్పందం. కొత్త చర్మం గట్టిపడ్డాక ఒకసారి పిలుస్తాను. పది సెకన్లు చూపించి పోదువుగాని. కొండీ చివరిదాకా మెరిసిందో లేదో చూసుకోవాలి, అంతే. ఈసారి ఎవర్నీ పిలవను.

జాబు అందిన వెంటనే ఆరిపోగలరు.

ఇట్లు,
కుబుసానికి ఉపన్యాసమిచ్చినవాడు