నాణేన్ని తూకం వేయడం అమర్యాద

ఈ మధ్య కొందరు స్మారక బంగారు నాణెం కొనే ముందు కాలిక్యులేటర్ బయటికి తీస్తున్నారు. విక్రేత ఒకవైపు మహనీయుల త్యాగాల గురించీ, శతజయంతుల గురించీ గద్గద స్వరంతో చెబుతుంటే, వీళ్లు మధ్యలో అడ్డుపడి "బరువెంత? మేలిమి ఎంత?" అని అడుగుతున్నారట. కవి పద్యం చదువుతుంటే కాగితం ఖరీదెంత అని అడిగే రకం వీళ్లు. ఈ దుస్సంప్రదాయాన్ని మొగ్గలోనే తుంచాలన్న సదుద్దేశంతో కలం పట్టాను. నాకా అర్హత ఉంది. నా దగ్గర పద్నాలుగు స్మారక నాణేలున్నాయి. పద్నాలుగింటినీ ఏ లెక్కా చూడకుండానే కొన్నాను.

ముందుగా ఈ నేరం ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. ఉదాహరణకు అమెరికా టంకశాల అమ్మే స్మారక అయిదు డాలర్ల బంగారు నాణేన్నే తీసుకోండి. సాధారణంగా దాని బరువు 8.359 గ్రాములు. అందులో నూటికి తొంభై పాళ్లు బంగారం, మిగిలినది గట్టిదనం కోసం కలిపిన వేరే లోహం. అంటే మేలిమి బంగారం 7.52 గ్రాములు. దాన్ని ఆనాటి గ్రాము ధరతో గుణిస్తే, నాణేన్ని కరిగించినప్పుడు దక్కే విలువ తేలిపోతుంది. అంతే, చిన్నపిల్లలు కూడా చేయగల గుణకారం. ఒక్క ఔన్సుల దగ్గర మాత్రం కాస్త ఆశ ఉంది. బంగారం తూచే ఔన్సు 31.1 గ్రాములు, మామూలు ఔన్సు 28.35 గ్రాములే. రెండూ ఒకటే అనుకుని తప్పుడు లెక్క కట్టే అమాయకులు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వాళ్లు నూరేళ్లు చల్లగా ఉండాలి.

ఈ గుణకారం చేసి విక్రేత చెప్పిన ధర పక్కన పెడితే రెండింటి మధ్య ఒక అగాధం కనిపిస్తుంది. లెక్కల మనుషులు దాన్ని ప్రీమియం అంటారు. నేను చరిత్ర అంటాను. అందులో ముద్రణ ఖర్చు, రవాణా, విక్రేత లాభం ఉంటాయి. అమెరికాలో అయితే ఆ నాణెం ఏ సంస్థకు సాయంగా వెలువడుతుందో ఆ సంస్థకు ఇచ్చే విరాళం కూడా చట్టప్రకారం ధరలోనే కలిసి ఉంటుంది. అయిదు డాలర్ల బంగారు నాణెం మీద అది 35 డాలర్లు. కొత్త నాణెం కొన్నవాడు ఆ పుణ్యం కట్టుకుంటాడు. కొన్నేళ్లు ఆగి అదే నాణేన్ని రెండో చేతి నుంచి, బంగారం విలువకు కాస్త అటూ ఇటుగా కొన్నవాడికి నాణెం దక్కుతుంది గానీ పుణ్యం దక్కదు. అలాంటివాణ్ని చూస్తే నాకు జాలి. మిగిలిన డబ్బుతో ఆ జాలిని అతడు ఎలా భరిస్తున్నాడో!

ఇక "పరిమిత సంఖ్యలో మాత్రమే" అన్న మాట. అది చెవిన పడగానే నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళుతుంది. ఎంత పరిమితమో అడిగే అలవాటు నాకు లేదు. లక్ష కూడా పరిమితమే కదా! బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ పేరిట అమెరికా 1997లో వేసిన అయిదు డాలర్ల బంగారు నాణేల్లో, అద్దంలా మెరిసే ప్రూఫ్ రకం కాకుండా మామూలు ముద్రణవి 5,174 మాత్రమే అమ్ముడుపోయాయి. ఆ కొరతను ఎవరూ ప్రకటించలేదు. జనం కొనలేదు, అంతే. ఆనాడు ఎవరికీ అక్కరలేని ఆ నాణెం కోసమే ఇప్పుడు సేకర్తలు వెతుకుతున్నారు. అందరూ ఎగబడి కొన్నవేమో చాలావరకు బంగారం ధరకు దగ్గర్లోనే దొరుకుతున్నాయి. దీన్నిబట్టి నేను గ్రహించింది ఒకటే: అందరూ కొంటున్నప్పుడే నేనూ కొనాలి. ఎవరి దగ్గరా లేనిది కొంటే, దాని గొప్పతనం వివరించి చెప్పే శ్రమంతా నా మీదే పడుతుంది.

నాణెం సంగతి పక్కన పెట్టి, అది కూర్చునే ప్లాస్టిక్ డబ్బీ గురించి మాట్లాడుకుందాం. అసలు విద్వత్తంతా అక్కడే ఉంది. నాణేలకు డెబ్బై మార్కులకు పరీక్ష పెట్టి, వచ్చిన మార్కులు ముద్రించి, సీలు వేసి ఇచ్చే సంస్థలున్నాయి. ఈ డెబ్బై మార్కుల కొలబద్దను 1949లో విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికా తొలినాటి పెద్ద రాగి సెంటు నాణేల కోసం తయారుచేశాడు. చేతులు మారి మారి అరిగిపోయిన ఆ నాణేలను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది అవసరమే. ఇప్పటి స్మారక నాణెం అలా కాదు. అచ్చు కింద నుంచి నేరుగా డబ్బీలోకి వస్తుంది, మనిషి వేలు దానికి తగలదు. పరీక్షకు వెళ్లినవాటిలో చాలావాటికి అరవై తొమ్మిదో డెబ్బయ్యో వస్తాయి. తరగతిలో అందరికీ ప్రథమ శ్రేణే అన్నమాట. అయినా డెబ్బై వచ్చినదానికి ధర ఎక్కువ.

నేను రెండూ కొన్నాను. పక్కపక్కన పెట్టి, భూతద్దం పట్టుకుని అరగంట వెతికాను. ఎట్టకేలకు అరవై తొమ్మిది మార్కుల నాణెం మీద ఒక సన్నని గీత దొరికింది. తీరా చూస్తే అది నా భూతద్దం మీద గీత. బిల్లు మీద తేడాకు మాత్రం భూతద్దం అవసరం పడలేదు. డబ్బీ మీద "తొలి ముద్రణ" అన్న చీటీ ఉంటే ధర ఇంకో మెట్టు ఎక్కుతుంది. అచ్చు కింద నుంచి మొట్టమొదట బయటపడిన నాణేలు కాబోలునని మురిసిపోయాను. చాలాసార్లు ఆ చీటీకి అర్థం, విడుదలైన మొదటి నెల రోజుల్లో నాణెం పరీక్షకు చేరిందని మాత్రమేనట. అంటే అది తపాలా వేగానికి సంబంధించిన బిరుదు. అయితేనేం, బిరుదు బిరుదే.

నకిలీల పేరు చెప్పి భయపెట్టేవాళ్లకు జపాన్ కథ వినిపిస్తాను. హిరోహిటో చక్రవర్తి పాలనకు అరవై ఏళ్లు నిండాయని 1986లో అక్కడి ప్రభుత్వం లక్ష యెన్‌ల బంగారు నాణెం విడుదల చేసింది. అందులో బంగారం 20 గ్రాములు. అప్పటి ధరలో ఆ బంగారం విలువ లక్ష యెన్‌లలో సగం కూడా లేదు. 1990లో తేలిందేమిటంటే, లక్షకు పైగా దొంగ నాణేలు దేశంలోకి వచ్చేశాయి. వాటిలో ఇత్తడి కలిపారనుకుంటున్నారా? లేదు. అసలు బంగారమే. నిజాయితీగా మేలిమి బంగారం పోసి దొంగ నాణెం వేసినా లాభం మిగిలేంత దూరం ఉండేది బంగారం ధరకూ నాణెం మీద ముద్రించిన విలువకూ మధ్య. కల్తీ లేని సరుకు అమ్మిన దొంగలను చరిత్రలో ఇంకెక్కడైనా చూశారా? ఇప్పుడు ఆ ఇరవై గ్రాముల బంగారమే లక్ష యెన్‌లను దాటిపోయింది. పెరిగింది బంగారమే కదా, అందులో స్మారకం పాత్ర ఏమిటని అడిగే మొరటు మనుషులతో నేను మాట్లాడను.

అర గ్రాము నాణేల సంగతి కూడా ఒక మాట. నాణెం ఎంత చిన్నదైతే గ్రాముకు పడే ధర అంత ఎక్కువ. ఎందుకంటే గ్రాముల లెక్కన బంగారం తగ్గుతుంది గానీ ముద్రణ శ్రమ, డబ్బీ, కాగితం, కన్నీళ్లు తగ్గవు. వీటికంటే ముచ్చటైనవి బంగారు పూత నాణేలు. అరచేతిలో సగం ఉండే నాణెం మీద మిల్లీమీటరులో పదివేలో వంతు మందాన పూత పూస్తే పట్టే బంగారం సుమారు అయిదు మిల్లీగ్రాములు. ప్రకటనలో మాత్రం "24 క్యారట్లు" అని ఉంటుంది. అబద్ధం కాదు, ఆ అయిదు మిల్లీగ్రాములూ 24 క్యారట్లే. ఇలాంటిది మూడు వందల పేజీల పుస్తకమంత పెట్టెలో, లోపల మఖమలు పరిచి ఇస్తారు. మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె ఉండాలి మరి.

కొందరు పిసినారులు వేలంపాటల్లో అమ్మినవాళ్లు అడిగిన ధరలు వదిలేసి, నిజంగా అమ్ముడుపోయిన ధరలు వెతుక్కుంటారు. ఇది నిరాశావాదం. అడిగిన ధరలు చూసుకుంటే నా సేకరణ విలువ ఏటా పెరుగుతూనే ఉంది. ఆ ఆనందాన్ని ఎందుకు పాడుచేసుకోవాలి? ఇంకా ఘోరమైనవాళ్లు ఉన్నారు. కొనకముందే "రేపు ఇదే నాణెం తెస్తే మీరు ఎంతకు తీసుకుంటారు?" అని విక్రేత మొహం మీదే అడుగుతారట. అంతటి పెద్దమనిషిని ఇబ్బంది పెట్టే ప్రశ్న నా నోట ఎన్నడూ రాలేదు.

అనుకోని ఖర్చు ఒకటి మీద పడి, పోయిన నెలలో నేనే ఆయన దగ్గరికి ఒక నాణెం తీసుకుని వెళ్లవలసి వచ్చింది. నాకది అమ్మిన మనిషే. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు గానీ, మా ఇద్దరిదీ చరిత్రతో ముడిపడిన అనుబంధమన్న ధైర్యంతో వెళ్లాను. మహనీయుడి పేరు చెప్పాను. శతజయంతి సంగతి గుర్తుచేశాను. నా గొంతు కూడా కాస్త గద్గదమైంది. ఆయన నా మాట పూర్తికానివ్వలేదు.

"బరువెంతండీ? మేలిమి ఎంత?"

డబ్బీ విప్పాడు. త్రాసు తెచ్చాడు. సొరుగులోంచి కాలిక్యులేటర్ తీశాడు. గుణకారం అయ్యాక నూటికి కొంత తగ్గించి డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. మఖమలు పెట్టె మాత్రం నా వైపు జరిపి, "ఇది మీరే ఉంచుకోండి, మా దగ్గర చోటు లేదు" అన్నాడు.

ఇప్పుడు నా దగ్గర పద్నాలుగు పెట్టెలు, పదమూడు నాణేలు ఉన్నాయి. ఆ ఖాళీ పెట్టెలో ధ్రువపత్రం భద్రంగా ఉంది. దాని మీద క్రమసంఖ్య కూడా ఉంది. పరిమిత సంఖ్యలో వేసినదట.